ఎక్సెల్ పట్టిక నుంచి కదిలే చార్టు: దేశాల పోలిక చూపించాలి, సోమవారం క్లాసుకు

సోషల్ టీచర్ (అనంతపురం) | గురువారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. హైస్కూల్లో సోషల్ చెప్తాను. పదో తరగతి అభివృద్ధి పాఠంలో మన దేశాన్ని పొరుగు దేశాలతో పోల్చే పట్టిక ఒకటి ఉంది. ఏటా చదివిస్తాను. పిల్లలు బట్టీ పడతారు, పరీక్ష రాసి వచ్చాక మర్చిపోతారు. ఈసారి దాన్ని కదిలే బొమ్మగా చూపిద్దామనుకున్నా. యూట్యూబ్‌లో ఉంటాయే, దేశాల పట్టీలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయేవి, అలాంటిది.

అలవాటు కోసం ముందు జనాభాతో చేసి చూశాను. ప్రపంచ బ్యాంకు సైటు నుంచి ఫైలు దింపి ఫ్లరిష్ అనే చార్టుల వెబ్‌సైటులో పెట్టాను. పట్టీలు బాగానే కదిలాయి. కానీ ఫస్టు వచ్చింది "వరల్డ్". దాని వెనకాల "లో అండ్ మిడిల్ ఇన్‌కమ్" ఇంకా ఏవేవో పేర్లు. ఇండియా ఎక్కడో అడుగున ఉంది. చైనా పక్కన "ఈస్ట్ ఏషియా" అని ఇంకొకటి పరిగెత్తుతోంది. నేనేం తప్పు చేశాను? సోమవారం మూడో పీరియడ్‌కు కావాలి. చిన్న టెన్షన్‌గానే ఉంది.

ఉగ్గాని బజ్జి | గురువారం రాత్రి 9:24

హహహ. ఖోఖో పోటీలో గెలిచింది ఎవరప్పా అంటే "జిల్లా" అన్నట్టుంది మేడమ్.

కొండారెడ్డి బురుజు | గురువారం రాత్రి 9:41

తప్పు మీది కాదు మేడమ్, ఆ ఫైలు అట్లానే వస్తుంది. దేశాలతో పాటు ప్రపంచం, దక్షిణాసియా, అరబ్ దేశాలు, ఆదాయాన్ని బట్టి చేసిన గుంపులు, అన్నీ ఒకే వరుసలో అక్షర క్రమంలో కలిసి ఉంటాయి. కంటితో ఏరుకుంటూ కూర్చోవద్దు. మీరు దింపిన జిప్‌లోనే మెటాడేటా కంట్రీ అని రెండో ఫైలు ఉంటుంది, దాన్ని ఎవరూ తెరవరు. అందులో ప్రతి కోడ్‌కూ రీజియన్ రాసి ఉంటుంది. గుంపులకు మాత్రం ఆ గడి ఖాళీ. వీలుకప్‌తో (ఒక పట్టికలోంచి ఇంకో పట్టికలోకి వెతికి తెచ్చే ఎక్సెల్ ఫార్ములా) రీజియన్ మీ పట్టికలోకి తెచ్చుకుని, ఖాళీగా ఉన్నవి ఫిల్టర్ చేసి తీసేయండి. రెండు నిమిషాల పని.

పైన నాలుగు వరుసలు కూడా తీసేయాలి, అసలు శీర్షికలు ఐదో వరుసలో మొదలవుతాయి. దేశం పేరుతో జత చేయొద్దు, మూడక్షరాల కోడ్‌తో చేయండి. దక్షిణ కొరియా పేరు అక్కడ "కొరియా, కామా, రిపబ్లిక్" అన్నట్టు ఉంటుంది, ఇంకో ఫైలులో "సౌత్ కొరియా" అని ఉంటుంది. టర్కీ 2022లో తుర్కియే అయింది, స్వాజీలాండ్ 2018లో ఎస్వాతిని అయింది. పేర్లు నమ్ముకుంటే సగం దేశాలు మధ్యలోనే మాయమైపోతాయి.

సోషల్ టీచర్ (అనంతపురం) | గురువారం రాత్రి 10:32

అయిపోయింది! 1960 నుంచి చైనా, ఇండియా, అమెరికా సరిగ్గా కనిపిస్తున్నాయి. చాలా థ్యాంక్స్ సార్. కానీ నాకు కావాల్సింది జనాభా కాదు కదా. ఆదాయం, ఆయుర్దాయం రెండూ కలిపి చూపించాలి. పట్టీల పందెంలో ఒకటే కదా చూపించగలం?

కొండారెడ్డి బురుజు | శుక్రవారం ఉదయం 6:50

అవును. పందెంలో కనిపించేది ర్యాంకు. ఎవరు ఎవర్ని దాటారన్నదే కంటికి పడుతుంది, ఎంత తేడాతో అన్నది పోతుంది. మీకు కావాల్సింది బుడగల చార్టు. అడ్డం మీద తలసరి ఆదాయం, నిలువు మీద ఆయుర్దాయం, బుడగ సైజు జనాభా, రంగు ఖండం. ప్లే నొక్కితే సంవత్సరం నడుస్తుంది.

దీన్ని ప్రపంచానికి అలవాటు చేసింది స్వీడన్ డాక్టరు హాన్స్ రోస్లింగ్. 2006లో టెడ్ అనే ప్రసంగాల వేదిక మీద ఈ బుడగలు చూపిస్తూ క్రికెట్ కామెంటరీలాగా మాట్లాడాడు. ఆయన 1972లో మన పక్క బెంగళూరులోనే, సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో ప్రజారోగ్యం చదువుకున్నాడు. 2005లో కొడుకు ఓలా, కోడలు అన్నాతో కలిసి గ్యాప్‌మైండర్ అనే సంస్థ పెట్టాడు. ఈ బుడగల్ని ఆడించే వాళ్ల ట్రెండలైజర్ అనే సాఫ్ట్‌వేర్‌ను 2007లో గూగుల్ కొనింది. ఆ తర్వాత కొన్నేళ్లు గూగుల్ షీట్స్‌లోనే మోషన్ చార్ట్ అని ఉండేది, పట్టిక ఇస్తే బుడగలు ఆడేవి. అది ఫ్లాష్ మీద నడిచేది, బ్రౌజర్‌లో బొమ్మలు ఆడించే పాత సాఫ్ట్‌వేర్. 2020 చివర్లో ఫ్లాషే పోయింది. పాత బ్లాగుల్లో "ఇన్సర్ట్, గ్యాడ్జెట్, మోషన్ చార్ట్" అని చదివి వెతక్కండి, దొరకదు. నేను ఒక ఆదివారం మొత్తం వెతికాను.

చిత్రావతి | శుక్రవారం ఉదయం 8:15

మేడమ్, నేను బీటెక్ ఫైనలియర్. పైథాన్ ప్రోగ్రామింగ్‌లో చార్టులు గీసే ప్లాట్లీ ఎక్స్‌ప్రెస్‌తో ఇది నాలుగు లైన్ల పని. యానిమేషన్ ఫ్రేమ్ దగ్గర సంవత్సరం, యానిమేషన్ గ్రూప్ దగ్గర దేశం ఇస్తే చాలు. నేర్చుకోవడానికి అందులోనే గ్యాప్‌మైండర్ నమూనా డేటా ఉంటుంది, 142 దేశాలు, 1952 నుంచి 2007 దాకా ఐదేళ్లకోసారి. ఒక్క జాగ్రత్త, మొదటి ఏడాదిలో లేని గుంపు తర్వాత వచ్చినా కొన్నిసార్లు కనిపించదు. నా ప్రాజెక్టులో ఇట్లే ఒక ఖండం మొత్తం ఎగిరిపోయింది, వైవాలో అడిగేదాకా నాకే తెలియదు.

సోషల్ టీచర్ (అనంతపురం) | శుక్రవారం ఉదయం 8:31

అమ్మా చిత్రావతీ, నాకు పైథాన్ అంటే పామే. ఎక్సెల్ అయితే కొంచెం వచ్చు.

ఉగ్గాని బజ్జి | శుక్రవారం మధ్యాహ్నం 1:40

అయితే ఇది నా ఏరియా. నూనె మిల్లులో లెక్కలు రాస్తా, రోజుకు పది గంటలు ఎక్సెల్ ముందే. చెనక్కాయల ధర ఎట్లా కదిలిందో మా ఓనరుకు చూపించడానికి ఇదే తయారు చేశా.

ఎక్సెల్‌లో బుడగలను దానంతటది ఆడించే బటన్ లేదు మేడమ్. స్క్రోల్ బార్‌తో మనమే ఆడించాలి. పైన మెనూ మీద రైట్ క్లిక్ కొట్టి, కస్టమైజ్ రిబ్బన్‌లో డెవలపర్‌కు టిక్ పెట్టండి. డెవలపర్, ఇన్సర్ట్, స్క్రోల్ బార్. దాని ఫార్మాట్ కంట్రోల్‌లో కనిష్ఠం మొదటి సంవత్సరం, గరిష్ఠం చివరి సంవత్సరం, సెల్ లింక్ ఏదో ఒక ఖాళీ గడి. ఇప్పుడు బార్ జరిపితే ఆ గడిలో సంవత్సరం మారుతుంది. పక్కన దేశానికొక వరుసతో చిన్న పట్టిక పెట్టి, ఇండెక్స్, మ్యాచ్ ఫార్ములాలతో ఆ సంవత్సరం అంకెలు మాత్రమే అందులోకి లాగండి. బుడగల చార్టు ఈ చిన్న పట్టిక మీద గీయాలి, పెద్ద పట్టిక మీద కాదు. అంతే. బార్ లాగుతుంటే బుడగలు నడుస్తాయి.

అసలు ముఖ్యమైంది చెప్పలేదు. యాక్సిస్‌ను ఆటోలో వదలొద్దు! రెండు యాక్సిస్‌లకూ కనిష్ఠం, గరిష్ఠం మీరే రాయండి. లేకపోతే ప్రతి ఏడాదికీ ఎక్సెల్ స్కేలు మార్చేస్తుంది. బుడగ ఉన్నచోటే ఉంటుంది, కింద అంకెలు మాత్రం జరుగుతుంటాయి. బస్సు ఆగి చెట్లు పరిగెత్తినట్టు. మా ఓనరు మూడు నెలలు "ధర మారలేదు కదప్పా" అన్నాడు.

గండికోట (కడప) | శుక్రవారం సాయంత్రం 5:05

నేను స్టాటిస్టిక్స్ లెక్చరరుగా రిటైరయ్యాను. మీ ఉత్సాహానికి అడ్డుపడాలని కాదు గానీ, ఈ కదలిక అంతా తమాషానే. ఐదు దేశాలు, అరవై ఏళ్లు. ఐదు గీతల గ్రాఫు గీస్తే మొత్తం ఒకే చూపులో కనిపిస్తుంది. బుడగలు ఆడిస్తే, 1985 చూసేటప్పటికి 1965 పోయింది. పిల్లవాడు గుర్తుపెట్టుకోవాలా, చూడాలా?

2008లో మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు జార్జ్ రాబర్ట్‌సన్, ఆయన సహచరులు ఇదే పరీక్షించారు. చూసేవాళ్లకు యానిమేషన్ సరదాగా అనిపించింది. సొంతంగా డేటా పరిశీలించేటప్పుడు మాత్రం దానికంటే కదలని చిన్నచిన్న గ్రాఫుల వరుసే త్వరగా, సరిగ్గా ఉపయోగపడింది.

కొండారెడ్డి బురుజు | శుక్రవారం సాయంత్రం 6:20

గండికోట సార్ అన్నదాంట్లో నిజం ఉంది. కానీ మేడమ్ చేయించేది పరిశోధన కాదు కదా సార్. ముందు నలభై మంది పిల్లలు తల ఎత్తి చూడాలి. రోస్లింగ్ కూడా బుడగల్ని వాటి మానాన వదల్లేదు, ఎక్కడ చూడాలో వేలు పెట్టి చూపించాడు. మాట లేకుండా అదే బొమ్మ ఆడితే నాకూ ఏమీ అర్థం కాదు.

గండికోట (కడప) | శుక్రవారం సాయంత్రం 6:48

సరే, ఒప్పుకుంటా. అయితే రెండూ చూపించండి. ముందు బుడగలు, తర్వాత గీతలు. ఇంకో మాట. మన జనాభా లెక్కలు పదేళ్లకోసారి. 1951, 61, 71 అని పెడితే, సాఫ్ట్‌వేరు మధ్య సంవత్సరాలను తనే నింపి నున్నగా నడిపిస్తుంది. చూసేవాళ్లు ప్రతి ఏడాదీ ఎవరో ఇంటింటికీ వెళ్లి లెక్కపెట్టారనుకుంటారు. గ్యాప్‌మైండర్‌లో 1800 నుంచి ఆడుతుందే, ఆ తొలి వందేళ్ల అంకెల్లో చాలా భాగం అంచనాలే. పిల్లలకు ఆ మాట చెప్పాలి.

సోషల్ టీచర్ (అనంతపురం) | శనివారం రాత్రి 8:55

ఉగ్గాని బజ్జి అన్నా, మీరు చెప్పినట్టే చేశాను. స్క్రోల్ బార్ వచ్చింది, బుడగలు కదిలాయి, మా ఆయన్ను పిలిచి మరీ చూపించాను. ఇప్పుడు మూడు ఇబ్బందులు.

ఆదాయం ఈసారి ప్రపంచ బ్యాంకు డేటాబ్యాంక్ పేజీ నుంచి తీసుకున్నాను. దాంట్లో కొన్ని గడుల్లో రెండు చుక్కలు ఉన్నాయి, అవి ఉన్న దేశం ఎడమకు జరిగిపోయి సున్నా దగ్గర కూర్చుంటోంది. రెండోది, దక్షిణ కొరియా అంత దూరం పోతే ఇండియా, నేపాల్, బంగ్లాదేశ్ అన్నీ ఎడమ మూలన ముద్దగా ఉన్నాయి. మూడోది, దేశాల పేర్లు తెలుగులో రాసి సీఎస్‌వీగా (కామాలతో విడగొట్టిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేస్తే అన్నీ ప్రశ్నార్థకాలు అయిపోయాయి. కరెంటు కూడా రెండుసార్లు పోయింది, అది మీరేం చేయలేరు.

ఉగ్గాని బజ్జి | శనివారం రాత్రి 9:12

మూడోది సులభం. సేవ్ యాజ్‌లో మామూలు సీఎస్‌వీ కాకుండా "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అని ఇంకొకటి ఉంటుంది, అది ఎంచుకోండి. ఇప్పటికే ప్రశ్నార్థకాలైనవి తిరిగి రావు, మళ్లీ రాయాల్సిందే.

చిత్రావతి | శనివారం రాత్రి 9:20

తెలుగు పేర్ల బాధ నాకూ ఉండింది మేడమ్. పైథాన్‌లోనే చార్టులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో మామూలు ఫాంటుతో డబ్బాలు వచ్చాయి. ఫాంటు మార్చితే అక్షరాలు వచ్చాయి గానీ ఒత్తులు విడిపోయాయి, "బంగ్లాదేశ్"లో లా వత్తు ఎక్కడికో పోయింది. బ్రౌజర్‌లో తెరుచుకునే ప్లాట్లీ, ఫ్లరిష్‌లలో ఈ గొడవ లేదు.

కొండారెడ్డి బురుజు | శనివారం రాత్రి 10:05

రెండు చుక్కలంటే "సమాచారం లేదు" అని. ఎక్సెల్‌కు అవి అక్షరాలు, అందుకే చార్టులో సున్నా అయిపోతాయి. ఫైండ్ అండ్ రీప్లేస్‌లో తీసేసేటప్పుడు "మొత్తం గడి సరిపోతేనే" అన్న చోట టిక్ పెట్టండి. అయినా మీ ఇండెక్స్ ఫార్ములా ఖాళీ గడిని మళ్లీ సున్నాగా చూపిస్తుంది. ఖాళీ అయితే ఎన్‌ఏ (అంటే "అంకె లేదు") ఇవ్వమని ఒక ఇఫ్ ఫార్ములా పెట్టండి, అప్పుడు ఆ ఏడాది ఆ బుడగ అసలు కనిపించదు. లేని అంకె వేరు, సున్నా వేరు. దక్షిణ సూడాన్ 2011లో పుట్టింది. అంతకుముందు దాని ఆదాయం సున్నా అని చూపిస్తే ఎట్లా?

ముద్దగా ఉండటానికి మందు లాగ్ స్కేలు. అడ్డం యాక్సిస్ ఫార్మాట్‌లో లాగరిథమిక్ స్కేల్ అని ఉంటుంది, టిక్ పెట్టండి. పిల్లలకు లాగ్ అనే మాట చెప్పక్కర్లేదు. నెలకు పదివేలు వచ్చే ఇంటికి ఇంకో పదివేలు వస్తే ఇంట్లో ఏమేం మారతాయో అడగండి. రెండు లక్షలు వచ్చే ఇంటికి అదే పదివేలు పెరిగితే ఏం మారుతుందో అడగండి. ఈ స్కేలులో వెయ్యి నుంచి రెండు వేలకు ఎంత దూరమో, పదివేల నుంచి ఇరవై వేలకూ అంతే దూరం. వాళ్లే పట్టుకుంటారు.

ఇంకో సంగతి. ధరల తేడా సవరించిన తలసరి ఆదాయం, అదే పీపీపీ, ప్రపంచ బ్యాంకు దగ్గర 1990 నుంచే ఉంది. మామూలు డాలర్లలో అయితే 1960 నుంచి ఉంది. మన ఊర్లో ఒక టీ ధరకు అమెరికాలో టీ రాదు కాబట్టి పోలికకు పీపీపీనే మేలు. ఒకే చార్టులో సగం కాలం అదీ సగం కాలం ఇదీ కలపొద్దు, 1990 దగ్గర దేశాలన్నీ ఒక్కసారి ఎగురుతాయి. పిల్లలు ఆ ఏడాది ఏదో పెద్ద అద్భుతం జరిగిందనుకుంటారు.

గండికోట (కడప) | ఆదివారం ఉదయం 7:30

బుడగ సైజు సంగతి ఎవరూ అనలేదు. ఎక్సెల్‌లో సైజు అనేది వైశాల్యమా, వెడల్పా అని ఎంపిక ఉంటుంది. వైశాల్యమే ఉంచండి. వెడల్పు పెడితే జనాభా రెట్టింపైన దేశం నాలుగింతలు కనిపిస్తుంది. అలాగే మన బుడగ కింద శ్రీలంక దాక్కుంటుంది, రంగు కొంచెం పారదర్శకంగా పెట్టండి.

1990 నుంచి మొదలుపెడితే అది మంచి చోటే. ఆ ఏడాది మన తలసరి ఆదాయం చైనా కంటే కాస్త ఎక్కువ, పీపీపీలోనూ, మామూలు డాలర్లలోనూ. ఇప్పుడు డాలర్లలో వాళ్లది మనకు దాదాపు ఐదు రెట్లు. పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పేయకండి. ప్లే నొక్కే ముందు, ఎవరు ముందుంటారో చేతులెత్తించండి.

ఉగ్గాని బజ్జి | ఆదివారం ఉదయం 8:02

సార్ తమాషా అని మొదలుపెట్టి ఇప్పుడు తనే ప్లే నొక్కిస్తున్నాడు చూడండి.

గండికోట (కడప) | ఆదివారం ఉదయం 8:10

నొక్కడం కంటే ఆపడం ముఖ్యం నాయనా.

సోషల్ టీచర్ (అనంతపురం) | ఆదివారం మధ్యాహ్నం 3:15

మూడూ సర్దుకున్నాయి. స్కూల్లో నెట్ ఎప్పుడుంటుందో దేవుడికే తెలియాలి, అందుకే ఫ్లరిష్ వద్దనుకున్నా. ఉచిత ఖాతాలో పెట్టిన డేటా అందరికీ కనిపిస్తుందట కదా, పిల్లల మార్కులలాంటివి ఎవరూ అందులో పెట్టొద్దు అని ఇక్కడ రాసి పెడుతున్నా. గ్యాప్‌మైండర్ ఆఫ్‌లైన్ వెర్షన్ ల్యాప్‌టాప్‌లో వేసుకున్నాను, పాత సంవత్సరాలకు అది. 1990 నుంచి నా ఎక్సెల్. రేపు ప్రొజెక్టర్ మొండికేస్తే ఉంటుందని, విండోస్, ఆల్ట్, ఆర్ నొక్కి స్క్రీన్ రికార్డు కూడా చేసుకున్నాను.

సోషల్ టీచర్ (అనంతపురం) | సోమవారం సాయంత్రం 6:40

క్లాసు అయింది. వరుసగా చెప్తాను.

చేతులెత్తించాను. 1990లో చైనానే ముందుంటుందని 41 మందిలో 38 మంది. మిగిలిన ముగ్గురూ ఎత్తనేలేదు. బార్ 1990లో పెట్టగానే గోల! "మేడమ్ తప్పు వేశారు" అని ఒకడు. నెమ్మదిగా జరిపాను. చైనా బుడగ కుడివైపు జరుగుతుంటే బెంచీలు కొట్టారు, కబడ్డీ చూసినట్టు.

బంగ్లాదేశ్ దగ్గర గండికోట సార్ మాట గుర్తొచ్చి ఆపాను. ఆదాయంలో మనకు దగ్గరే, ఆయుర్దాయంలో మాత్రం మనకంటే కాస్త పైన ఉంది. ఎందుకు అని అడిగితే, "వాళ్లు చేపలు తింటారు మేడమ్" అని జవాబు. తప్పనలేదు, సరేననలేదు. ఆడపిల్లల చదువు, టీకాలు, విరేచనాలకు ఉప్పు చక్కెర నీళ్లు, ఇవి తర్వాతి పీరియడ్‌కు దాచాను.

తర్వాత గ్యాప్‌మైండర్ వేసి 1950 నుంచి వదిలాను. 1960 దగ్గర చైనా బుడగ రాయి పడ్డట్టు కిందికి పడింది. నేను ఆపలేదు, వెనక బెంచీ పిల్ల అరిచింది, "మేడమ్, అక్కడ ఏమైంది?" అని. వెనక్కి జరిపి మళ్లీ చూపించాను. కరువు అని చెప్పాను, పంట పోవడం ఒక్కటే కాదు, ప్రభుత్వ విధానాలు కూడా కారణమని చెప్పాను. ఆ పిల్ల కాసేపు ఊరుకుని, "మా అవ్వకు వాళ్లమ్మ చెప్పిందంట, ఇక్కడ కూడా గంజి కేంద్రాలు పెట్టినారంట" అంది. యాభైల మొదట్లో రాయలసీమ కరువు సంగతి. అది నా ఎక్సెల్‌లో లేదు, గ్యాప్‌మైండర్‌లోనూ లేదు. ఇండియా బుడగ ఆ ఏళ్లలో హాయిగా పైకే పోతోంది.

గీతల గ్రాఫు చూపించేలోపు బెల్లు కొట్టారు. గండికోట సార్, క్షమించాలి.

గండికోట (కడప) | సోమవారం రాత్రి 7:15

క్షమించేదేముందమ్మా. దేశం మొత్తానికి ఒక్క బుడగ వేస్తే మన కరువు అందులో కరిగిపోతుంది. సగటు పని అదే. ఆ పాపకు నా ఆశీస్సులు చెప్పండి.

సోషల్ టీచర్ (అనంతపురం) | సోమవారం రాత్రి 7:32

ఇప్పుడు వాళ్లు పట్టుకున్నారు, "మన జిల్లా బుడగ వేయండి మేడమ్" అని. రాయలసీమ జిల్లాలు, జనాభా, వాన, అక్షరాస్యత. ఇది ఇంకా సులభమే కదా, నాలుగే జిల్లాలు?

కొండారెడ్డి బురుజు | సోమవారం రాత్రి 8:20

నాలుగు ఎక్కడున్నాయి మేడమ్! 2022 ఏప్రిల్ 4న మీ అనంతపురం నుంచి శ్రీసత్యసాయి జిల్లా విడిపోయింది, మా కర్నూలు నుంచి నంద్యాల పోయింది. 2011 జనాభా లెక్కల్లో అనంతపురం బుడగ దాదాపు 40 లక్షల 81 వేలు. అదే లెక్కను ఇప్పటి హద్దులతో చూస్తే 22 లక్షల చిల్లర. ఊరికే ప్లే నొక్కితే 2022లో మీ జిల్లాలో సగం జనం మాయమవుతారు. సోవియట్ యూనియన్ 1991లో పడిన బాధే ఇది.

దారి రెండు రకాలు. పాత హద్దులకు కలిపి చూపించడం, లేదా మండలాల లెక్కలు కూడుకుని కొత్త జిల్లాలను వెనక్కి 2011 దాకా తయారు చేయడం. రెండోది పని ఎక్కువ, కానీ పిల్లలకు వాళ్ల మండలం కూడా కనిపిస్తుంది.

ఉగ్గాని బజ్జి | సోమవారం రాత్రి 8:41

పాత అనంతపురం 63 మండలాలు కదా మేడమ్. పిల్లలు 41 మంది. ఒక్కొక్కరికి ఒకటిన్నర మండలం ఇచ్చేయండి, వాళ్లే టైపు చేస్తారు. షీటు నేను తయారు చేసి పెడతా. మండలానికి కోడ్ కాలమ్ ముందే పెడతా, లేకపోతే ఒకడు "గుత్తి" అని, ఇంకొకడు "గూటీ" అని రాస్తాడు.

సోషల్ టీచర్ (అనంతపురం) | సోమవారం రాత్రి 8:50

ఒకటిన్నర మండలం ఎట్లా ఇస్తారన్నా? ఇద్దరిద్దరికి మూడు ఇస్తాను. షీటు బుధవారంలోపు పంపితే చాలు.